సూరి భగవంతం: వజ్రం నుంచి బొగ్గు దాకా ఒక వెలుగు గీత

ఏటా ఫిబ్రవరి 28న మన బడుల్లో సైన్స్ దినోత్సవం జరుపుతాం. సి.వి. రామన్ పటానికి దండ వేస్తాం, పిల్లల చేత నాలుగు ప్రయోగాలు చేయిస్తాం. 1928లో అదే రోజున రామన్ కలకత్తాలో తన ఆవిష్కరణను ప్రకటించారన్న మాట పిల్లలకు కంఠతా వచ్చు. ఆ ఏడాదే ఆయన దగ్గర చేరిన ఒక తెలుగు కుర్రాడి పేరు మాత్రం పిల్లలకే కాదు, మనలో చాలామందికి కూడా తెలియదు. ఆయన పేరు సూరి భగవంతం.

ఆయన గురించి ఇప్పుడు రాయడానికి కారణం మోకలో జరిగిన ఒక తల్లిదండ్రుల సమావేశం. అక్కడికి వచ్చిన ఒక తండ్రి తోరణగల్లు వైపు కోక్ తయారయ్యే చోట పని చేస్తారు. నేలబొగ్గు ఓవెన్‌లోకి నల్లగా వెళ్తుంది, నల్లగానే బయటికి వస్తుంది, మరి లోపల మారిందేమిటని ఆయన కొడుకు ఇంట్లో అడిగాడట. ఆయన చెప్పలేకపోయారు. ఇలాంటివి తెలుగులో చెప్పడం అవుతుందా, కాదంటే వచ్చే ఏడు అబ్బాయిని వేరే మీడియంలో వేస్తాను అన్నారు. ఆయన మాటలో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. టీసీ కోసం వచ్చే తల్లిదండ్రుల్లో చాలామంది మనసులో ఉండే ప్రశ్నే అది. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. తర్వాత వెతుక్కుంటూ పోతే, ఆ జవాబు భగవంతం గారి జీవితం దగ్గరికి తీసుకువెళ్ళింది.

ఆగిరిపల్లి నుంచి కలకత్తాకు

భగవంతం 1909 అక్టోబరు 14న అప్పటి కృష్ణా జిల్లాలో, నూజివీడుకు దగ్గర ఉన్న ఆగిరిపల్లిలో పుట్టారు. శోభనాచలం కొండ మీద నరసింహస్వామి గుడి ఉన్న ఊరది. పై చదువుకు హైదరాబాదు నిజాం కాలేజీకి వెళ్ళారు. హైదరాబాదు అప్పుడు నిజాం రాజ్యం. ఆ కాలేజీ మాత్రం మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. అంటే ఇంట్లో తెలుగు, ఊళ్ళో ఉర్దూ, క్లాసులో ఇంగ్లీషు. సరిహద్దు ఊళ్ళలో ఉండే మనకు ఈ పరిస్థితిని విడమరిచి చెప్పనక్కరలేదు.

భౌతికశాస్త్రంలో డిగ్రీ పూర్తయ్యేసరికి 1928 వచ్చింది. ఆ ఏడాది మొదట్లో వచ్చిన రామన్ ఆవిష్కరణ గురించి దేశమంతా మాట్లాడుకుంటున్నారు. పంతొమ్మిదేళ్ళయినా నిండని భగవంతం కలకత్తా వెళ్ళి, ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో రామన్ దగ్గర చేరారు.

రామన్ గురించి ఈ పేజీ పాఠకులకు ఒక సంగతి గుర్తు చేయాలి. ఆయనది తమిళ కుటుంబం. తండ్రి విశాఖపట్నం కాలేజీలో అధ్యాపకులు కావడంతో రామన్ బాల్యం, బడి చదువు తెలుగు ఊళ్ళో సాగాయి. అక్కడ ఆయన కూడా ఇంటి భాష ఒకటి, వీధి భాష మరొకటి ఉన్న పిల్లవాడే.

రామన్ కనుగొన్నది ఏమిటి?

ఇది అర్థమైతేనే మిగతా కథ అర్థమవుతుంది. ఒకే రంగు వెలుగును ఒక పదార్థం మీదికి పంపామనుకోండి. చెదిరి బయటికి వచ్చే వెలుగులో దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. లక్షల్లో, కోట్లలో ఒక కాంతికణం మాత్రం కొంచెం రంగు మారి వస్తుంది. పదార్థంలోని అణువులు ఊరికే ఉండవు, కంపిస్తూ ఉంటాయి. వెలుగు తన శక్తిలో కొంత ఆ కంపనానికి ఇచ్చి బయటికి వస్తుంది, ఒక్కోసారి ఆ కంపనం నుంచే కొంత తీసుకుంటుంది. రంగు ఎంత మారిందో కొలిస్తే లోపల ఏ కంపనం ఉందో తెలుస్తుంది. కుండ కొనేవాళ్ళు వేలితో తట్టి, శబ్దాన్ని బట్టి పగులుందో లేదో చెబుతారు కదా. ఇక్కడ తట్టేది వెలుగు, వినేది వర్ణపటం.

చెప్పినంత తేలిక కాదు చేయడం. అప్పుడు లేజర్ లేదు. పాదరస దీపం వెలుగును ఒకే రంగుకు వడగట్టి, చెదిరిన వెలుగును వర్ణపటలేఖినిలోకి పంపి, ఫోటో పలక మీద గీత పడేదాకా గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఆగేవారు. గీత పడకపోతే మళ్ళీ మొదటి నుంచి చేయాలి.

వజ్రంలో ఒక్క గీత

కలకత్తాలో భగవంతం ద్రవాలను, వాయువులను, స్ఫటికాలను పరిశీలించారు. 1931లో రామన్‌తో కలిసి, కాంతికణానికి స్వయంభ్రమణం ఉందని చెదిరిన వెలుగు ద్వారా చూపే ప్రయోగం చేశారు. మన కథకు ముఖ్యమైనది అంతకు ముందు ఏడాది చేసిన పని. 1930లో రామన్ ప్రభావంతో వజ్రాన్ని పరిశీలించినవారిలో భగవంతం ఒకరు, సి. రామస్వామి మరొకరు.

వజ్రం అంటే కర్బనం తప్ప మరేమీ కాదు. ప్రతి పరమాణువూ చుట్టూ ఉన్న నాలుగింటితో ఒకే తీరుగా ముడిపడి ఉంటుంది. అలాంటి వజ్రం ప్రధానంగా ఒక్క గీతే ఇచ్చింది. శాస్త్రజ్ఞుల కొలతలో చెప్పాలంటే సెంటీమీటరుకు 1332 తరంగాల మార్పు దగ్గర పడే గీత అది. కోట్ల కోట్ల పరమాణువులున్న గట్టి రాయి ఒకే ఒక్క గీత ఎందుకు ఇస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు స్ఫటికం అమరికలోనే ఉంది. ఆ అమరికను లెక్కలోకి తెచ్చే పని భగవంతం తర్వాతి జీవితంలో పెద్ద భాగమైంది.

వాల్తేరులో ముగ్గుల లెక్క

1932లో భగవంతం ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకులుగా చేరారు. అప్పటికి ఇరవై మూడేళ్ళు నిండలేదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ చాన్సలర్‌గా ఉన్న రోజులవి. వాల్తేరులో సైన్స్ కాలేజీ అప్పుడే మొదలవుతోంది. కలకత్తాలో సిద్ధంగా ఉన్న పరికరాలతో పని చేసిన మనిషి ఇక్కడ అన్నీ సమకూర్చుకోవాల్సి వచ్చింది. ఆయన అక్కడే ప్రొఫెసర్ అయ్యారు, చుట్టూ పరిశోధక విద్యార్థులు చేరారు. 1940లో కాంతి పరిక్షేపణం, రామన్ ప్రభావం మీద ఆయన రాసిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయమే వాల్తేరులో అచ్చు వేసింది.

అక్కడే టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన చేసిన పని ప్రపంచమంతా వాడుకునేది. ఇద్దరూ కలిసి 1939లో, స్ఫటిక నిర్మాణాన్ని బట్టి రామన్ గీతలను ముందుగానే లెక్కగట్టే పద్ధతిని ప్రచురించారు. 1948లో సమూహ సిద్ధాంతం మీద, భౌతికశాస్త్రంలో దాని ఉపయోగం మీద పుస్తకం రాశారు.

సమూహ సిద్ధాంతం అన్న పేరు విని భయపడనక్కరలేదు. మన ఇళ్ళ ముందు ఆరు రేకుల ముగ్గు వేస్తాం. దాన్ని ఆరో వంతు తిప్పినా అలాగే కనిపిస్తుంది. మధ్యలో గీత గీసి అద్దం పెట్టినా అలాగే ఉంటుంది. ఇలా ఎన్ని విధాల తిప్పినా మారకుండా ఉండే గుణాన్ని మనం సౌష్ఠవం అంటాం, కన్నడంలో సమ్మితి అంటారు. ఒక స్ఫటికానికి ఎన్ని విధాల సౌష్ఠవం ఉందో తెలిస్తే, అందులోని ఏ కంపనం రామన్ గీత ఇస్తుందో, ఏది ఇవ్వదో ప్రయోగం చేయకముందే కాగితం మీద లెక్కకట్టవచ్చు. వజ్రానికి ఒక్క గీతే ఎందుకో కూడా ఈ లెక్క చెబుతుంది. తర్వాత ప్రయోగం చేసి, గీతలను లెక్కతో పోల్చి చూసుకోవచ్చు. లెక్కలో ఉండకూడని గీత కనిపించిందంటే ఆ స్ఫటికంలో ఎక్కడో అమరిక చెడిందని అర్థం.

ఆ చివరి మాటను గుర్తు పెట్టుకోండి. ఓవెన్ ముందు నిలబడ్డ అబ్బాయి ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

నల్లగా వెళ్ళి నల్లగా వచ్చే బొగ్గు

భగవంతం గారు కాల్చిన బొగ్గు మీద పరిశోధన చేశారని నేను చెప్పడం లేదు. ఆయన చూసింది వజ్రం. కానీ ఈ రోజు వేడి చేసిన బొగ్గును పరీక్షించే శాస్త్రవేత్త వాడేది ఆ రామన్ వెలుగునే, ఆ సౌష్ఠవపు లెక్కనే.

బళ్ళారి నుంచి హొసపేట వైపు వెళ్ళే దారిలో బొగ్గుకు రెండు గతులు కనిపిస్తాయి. కుడితిని థర్మల్ కేంద్రంలో బొగ్గును గాలి తగిలేలా మండిస్తారు. కర్బనం కార్బన్ డయాక్సైడ్‌గా పోతుంది, బూడిద మిగులుతుంది. తోరణగల్లు ఉక్కు కర్మాగారానికి కావలసిన కోక్ కోసం మాత్రం బొగ్గును గాలి తగలకుండా మూసి, దాదాపు ఒక పగలూ రాత్రీ 1000 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి చేస్తారు. గాలి లేదు కనుక అది మండదు, మారుతుంది.

నేలబొగ్గును కన్నడంలో కల్లిద్దలు అంటారు. అది శుద్ధ కర్బనం కాదు. అందులో హైడ్రోజన్, ఆక్సిజన్, కొంచెం నైట్రోజన్, గంధకం కూడా ఉంటాయి. ఆరు కర్బన పరమాణువుల వలయాలు చిన్న చిన్న గుంపులుగా ఉండి, వాటికి తోకల్లా గొలుసులు వేలాడుతుంటాయి. వేడి పెరిగే కొద్దీ మొదట తడి పోతుంది. 350, 400 డిగ్రీలకు వచ్చేసరికి గొలుసులు తెగుతాయి. కోక్‌కు పనికివచ్చే బొగ్గు మెత్తబడి జిగురుగా అవుతుంది, తారు, వాయువులు బయటికి వస్తాయి. 500 డిగ్రీలు దాటేసరికి మళ్ళీ గట్టిపడుతుంది. ఆ పైన హైడ్రోజన్ కూడా పోతూ, వలయాలు ఒకదానితో ఒకటి కలిసి పెద్ద పలకలవుతాయి. ఓవెన్‌లోంచి వచ్చే కోక్ అదే.

కంటికి రెండూ నలుపే. తేడా చూపేది వర్ణపటమే. ఇందుకు రెండు దారులున్నాయి. మొదటిది పరారుణ కిరణాలు. బొగ్గు ఏ పరారుణ కిరణాలను పీల్చుకుంటుందో చూస్తే ఏ బంధాలు ఉన్నాయో తెలుస్తుంది. వేడి చేసే కొద్దీ గొలుసుల్లోని కర్బన, హైడ్రోజన్ బంధాల గుర్తులు ఒక్కొక్కటిగా తగ్గిపోతాయి. అంటే పోయినదేమిటో ఈ దారి చెబుతుంది. మిగిలినదేమిటో, అది ఏ తీరుగా అమరిందో చెప్పేది రెండో దారి, రామన్ వెలుగు.

పచ్చి బొగ్గు మీద లేజర్ వేస్తే చాలాసార్లు బొగ్గు తానే మెరిసి, ఆ మెరుపులో రామన్ గుర్తులు మునిగిపోతాయి. కొన్ని వందల డిగ్రీలు వేడి చేసిన తర్వాత ఆ మెరుపు తగ్గి, రెండు వెడల్పాటి పట్టీలు పైకి తేలుతాయి. ఒకటి 1580, 1600 ప్రాంతంలో పడుతుంది. దాన్ని గ్రాఫైటు పేరు మీద జి పట్టీ అంటారు. పెన్సిల్ ములుకులో ఉండే గ్రాఫైటులో కర్బన పరమాణువులు తేనెపట్టులా ఆరు మూలల గదులుగా అమరి ఉంటాయి. ఆ అమరిక ఇచ్చే గుర్తు అది. రెండోది 1350 ప్రాంతంలో పడుతుంది. దాన్ని డి పట్టీ అంటారు. లోపం లేని గ్రాఫైటులో ఈ రెండోది ఉండకూడదు, సౌష్ఠవం దాన్ని ఒప్పుకోదు. ముగ్గు అంచు చెరిగినప్పుడు, అంటే పలక చిన్నదై అంచులు ఎక్కువైనప్పుడు, లోపల లోపాలున్నప్పుడు మాత్రమే అది బయటపడుతుంది. లెక్కలో ఉండకూడని గీత ఇదే. 1970లో ట్యూన్‌స్ట్రా, కోనిగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ రెండు పట్టీల బలాన్ని పోల్చి గ్రాఫైటు పలకల పరిమాణం అంచనా వేయవచ్చని చూపారు.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక జాగ్రత్త. వేడి పెరిగే కొద్దీ డి పట్టీ తగ్గుతూ పోతుందని ఒక్క ముక్కలో చెప్పేస్తే తప్పవుతుంది. బొగ్గులో మొదట వలయాల గుంపులు మరీ చిన్నవి. అవి కొంత పెద్దవైతేనే డి పట్టీ స్పష్టంగా వస్తుంది. అందుకే కోక్ తయారయ్యే వేడిలో అది పెరగడమూ చూస్తాం. 2000 డిగ్రీలు దాటి గ్రాఫైటుకు దగ్గరయ్యేటప్పుడు అది తగ్గుతుంది. ఒకే గుర్తుకు రెండు దశల్లో రెండు అర్థాలు.

జి, డి పట్టీలకు సౌష్ఠవాన్ని బట్టి పెట్టిన వేరే పేర్లు కూడా పరిశోధన పత్రాల్లో ఉంటాయి. ఆ పేర్లు పెట్టింది భగవంతం కాదు. కానీ స్ఫటికంలోని ఏ కంపనం ఏ కోవలోకి వస్తుందో లెక్కకట్టే పద్ధతిని తీర్చిదిద్ది, పుస్తకంగా రాసి నేర్పినవారిలో ఆయన, వెంకటరాయుడు ముందువరుసలో ఉన్నారు. ఆ పుస్తకం విదేశంలో పుట్టలేదు, వాల్తేరులో పుట్టింది.

హైదరాబాదు, బెంగళూరు, ఢిల్లీ

స్వాతంత్ర్యం తర్వాత భగవంతం కొంతకాలం లండన్‌లో మన దేశం తరఫున శాస్త్ర విషయాల అధికారిగా ఉన్నారు. తర్వాత హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరి, 1952 నుంచి 1957 దాకా వైస్ చాన్సలర్‌గా పని చేశారు. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. వైద్యం, ఇంజనీరింగు, సైన్స్ పాఠాలన్నీ ఉర్దూలోకి తెచ్చుకోవడానికి ప్రత్యేకంగా అనువాద విభాగం నడిపింది. 1948 తర్వాత ఇంగ్లీషు మాధ్యమానికి మారింది. ఆ మార్పు ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లో విశ్వవిద్యాలయం బాధ్యత మోసినవారిలో భగవంతం ఒకరు. భారతీయ భాషలో పై చదువుల సైన్స్ చెప్పడం అసాధ్యం అనేవారికి ఉస్మానియా ముప్పై ఏళ్ళ చరిత్ర జవాబు. దాన్ని నిలబెట్టడం ఎంత కష్టమో కూడా ఆ చరిత్రే చెబుతుంది.

1957లో ఆయన బెంగళూరు వచ్చి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు. కన్నడిగులు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలుచుకునే సంస్థ అది. 1933లో ఆ పదవిలో కూర్చున్న మొదటి భారతీయుడు రామన్. 1937లో గురువు వదిలిన కుర్చీలో ఇరవై ఏళ్ళ తర్వాత శిష్యుడు కూర్చున్నారు. 1962 దాకా భగవంతం అక్కడ ఉన్నారు, ఆయన తర్వాత సతీశ్ ధావన్ వచ్చారు. ఆగిరిపల్లి తెలుగువాడు కర్ణాటకలోని అతిపెద్ద విజ్ఞాన సంస్థను అయిదేళ్ళు నడిపారన్నది మన పిల్లలకు చెప్పదగిన మాట. ఈ రాష్ట్రంలో మన భాషవాళ్ళు వచ్చి పోయే చుట్టాలు కారు, ఇక్కడి ఇంటిని కట్టినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు.

1961 నుంచి 1969 దాకా ఆయన రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఉన్నారు. 1962 చైనా యుద్ధం, 1965 పాకిస్తాన్ యుద్ధం ఆ మధ్యలోనే జరిగాయి. దేశ రక్షణ పరిశోధన సంస్థ 1958లో పుట్టింది, అది ఎదిగిన తొలి ఏళ్ళవి. అంత పనిలోనూ ఆయన స్ఫటికాలను వదలలేదు. స్ఫటిక సౌష్ఠవం, పదార్థాల భౌతిక ధర్మాల మీద 1966లో మరో పుస్తకం తెచ్చారు.

జీవితం చివరి దశలో పుట్టపర్తి సత్యసాయిబాబా తెలుగు ప్రసంగాలను సభల్లో అప్పటికప్పుడు ఇంగ్లీషులో చెప్పే పని చేశారు. ఆ వైపు మీద ఎవరి అభిప్రాయం వారిది. ఒక్కటి మాత్రం నిజం. శాస్త్రమంతా ఇంగ్లీషులో రాసిన మనిషికి తెలుగు దూరం కాలేదు. వినే మాట తెలుగు, చెప్పే మాట ఇంగ్లీషు. మధ్యలో అర్థం జారిపోకుండా పట్టుకోవడం రెండు భాషలూ లోతుగా వచ్చినవారికే సాధ్యం. 1989 ఫిబ్రవరి 6న భగవంతం కన్నుమూశారు.

ఆ తండ్రికి జవాబు

భగవంతం తెలుగు మీడియంలో చదివి గొప్పవాడయ్యారని చెప్పి ఎవరినీ మభ్యపెట్టను. ఆయన పుస్తకాలు ఇంగ్లీషులోనే ఉన్నాయి. మన పిల్లలకు కూడా ముందు ముందు ఇంగ్లీషు కావాలి, ఈ నేల మీద బతకడానికి కన్నడం కావాలి. కానీ అర్థం మొదట ఎక్కడ పుడుతుందన్నది వేరే ప్రశ్న. ముగ్గు, అద్దం, తేనెపట్టు, కుండ మోత తెలిసిన పిల్లవాడికి సౌష్ఠవం, కంపనం ఏ భాషలో చెప్పినా అందుతాయి. అవి అందకుండా ఇంగ్లీషు పదం ఒక్కటే కంఠతా పెట్టినవాడికి ఏ మీడియమూ సాయం చేయదు.

తర్వాతి వారం నేను ఆ తండ్రి చేతే క్లాసులో మాట్లాడించాను. బొగ్గు ఎలా నింపుతారో, కోక్ ఎలా తోస్తారో, మంటల్లా మెరిసే కోక్ మీద నీళ్ళు ఎలా పోస్తారో ఆయన తెలుగులో చెప్పారు. తర్వాత బల్ల మీద పెన్సిల్ ములుకు, కట్టెబొగ్గు ముక్క పక్కపక్కన పెట్టాం. ఆరు రేకుల ముగ్గు గీసి, ఒక అంచు చెరిపాం. పాత సీడీ ముక్క, అట్టపెట్టెతో చేసిన వర్ణపట దర్శినిలోంచి ట్యూబులైటును చూశాం. వెలుగు రంగులుగా విడిపోయి, వాటి మధ్య పాదరసం గీతలు ప్రకాశంగా కనిపించాయి. భగవంతం కలకత్తాలో వాడినది కూడా పాదరసం వెలుగే. ఇంత చెప్పడానికి ఒక పీరియడ్ సరిపోలేదు, రెండు పట్టాయి.

ఆ అబ్బాయి తండ్రిని ఒక ప్రశ్న అడిగాడు. ఓవెన్‌లోంచి వచ్చిన కోక్‌లో ఇంకా చెరిగిన అంచులు మిగిలి ఉంటాయా అని. ఉంటాయి, అందుకే అది గ్రాఫైటు కాదు, కోక్. ఈసారి జవాబు నేను చెప్పలేదు, తండ్రే చెప్పారు.